నగిషీ చెక్కిన పాత ఫర్నిచర్: వయసు, పుట్టిన చోటు ఎలా తేల్చాలి?

నగిషీ చెక్కిన పాత కుర్చీ గానీ, పెట్టె గానీ, బీరువా గానీ చేతికి వచ్చినవారు అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఏ కాలం నాటిది, ఎక్కడ చేసినది? దానితో పాటు పంపే ఫొటోలు కూడా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. సింహం ముఖం, ద్రాక్ష తీగ, కాలి వంపు మీద విచ్చుకున్న ఆకు, అంతే. వాటిని చూసి ఎవరైనా ఫలానా ఏడాది అని చెబితే నమ్మకండి. నగిషీ నమూనాలను ప్రతి తరమూ నకలు చేసింది. 19వ శతాబ్దపు యూరప్‌లో గోథిక్ (మధ్యయుగపు), రినైసాన్స్ (పునరుజ్జీవన కాలపు) శైలులను తిరగదోడి చేసిన సామాను లెక్కలేనంత ఉంది, దాన్ని అసలు ఆ కాలాల నాటిదిగానే చూపి అమ్మేవారూ ఉన్నారు. వస్తువు వెనక వైపు, సొరుగు అడుగు, బల్ల కింది భాగం మాత్రం ఎవరూ చూడరన్న ధీమాతో చేసినవి కాబట్టి అక్కడ దాపరికం తక్కువ. అందుకే ఈ పద్ధతిలో నగిషీ వంతు చాలా ఆలస్యంగా వస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క సూత్రం గుర్తుంచుకోవాలి. ఒక వస్తువు అందులో మొదటి నుంచీ ఉన్న భాగాలలో అన్నిటికంటే కొత్తదాని కంటే పాతది కాలేదు. కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా మీరు వెతకవలసింది "ఇది ఫలానా కాలానికి ముందుది కాదు" అని చెప్పగల ఆనవాలు.

కావలసినవి

• పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు వేయడానికి టార్చి
• పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
• మిల్లీమీటర్ల గీతలున్న టేపు, వీలైతే కాలిపర్ (మందం కచ్చితంగా కొలిచే పరికరం)
• మెత్తని పొడి కుంచె, చిన్న అద్దం
• స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్
• దూది చుట్టిన పుల్లలు, కొద్దిగా పాలిష్‌లో వాడే స్పిరిట్
• నోటు పుస్తకం, కెమెరా
• అతినీలలోహిత టార్చి (ఉంటే మేలు, లేకపోయినా పని ఆగదు)

హెచ్చరిక: పరిశీలన ముగిసేదాకా వస్తువును కడగకండి, గరుకు కాగితంతో రుద్దకండి, కొత్త పాలిష్ వేయకండి. ఒక్కసారి గీకేసిన ఉపరితలం తిరిగి రాదు, దానితో పాటే సాక్ష్యమూ పోతుంది. పాత పెయింటులో సీసం ఉండే అవకాశం ఉంది కనుక దాన్ని గీకి దుమ్ము రేపవద్దు.

1. ముందుగా నమోదు చేయండి

నాలుగు వైపులా, పైనా కిందా, లోపలా ఫొటోలు తీయండి. ఎత్తు, వెడల్పు, లోతుతో పాటు పలకల మందం కూడా రాసుకోండి. సుద్దతోనో పెన్సిలుతోనో రాసిన అంకెలు, చిరిగిన కాగితపు చీటీలు, కాల్చి వేసిన ముద్రలు కనిపిస్తే తుడవకుండా ఏటవాలు వెలుతురులో విడిగా ఫొటో తీయండి.

2. తిరగేయండి

సొరుగులన్నీ తీసి పక్కన పెట్టి, ఇద్దరు కలిసి వస్తువును మెత్తని దుప్పటి మీద వాల్చండి. నగిషీ ఉన్న పైభాగాన్ని పట్టుకుని ఎత్తితే విరుగుతుంది, చట్రాన్ని పట్టుకోవాలి.

పాలిష్ తగలని చెక్క గాలికి ఏళ్ల తరబడి తెరిచి ఉంటే నెమ్మదిగా ముదురు రంగుకు తిరుగుతుంది, అయితే అన్ని చోట్లా ఒకేలా తిరగదు. గాలి బాగా తగిలే వెనక పలక ఎక్కువగా, సొరుగు చాటున ఉన్న భాగం తక్కువగా మారాలి. లోపలా బయటా ఒకే గోధుమ రంగు పరుచుకుని ఉంటే ఎవరో రంగు పూశారని అనుమానించండి.

తర్వాత టార్చిని పలకకు దాదాపు ఆనించి వెలుతురు వేయండి. రంపపు గీతలు తిన్నగా ఉండి, వాటి మధ్య దూరాలు ఎక్కువ తక్కువలుగా ఉంటే చేతి రంపం పని. వంపు తిరిగిన చాపాల్లా కనిపిస్తే గుండ్రటి రంపం. గుండ్రటి రంపానికి ఇంగ్లండ్‌లో 1777లోనే పేటెంటు వచ్చినా, ఫర్నిచర్ చెక్కలో దాని గీతలు విరివిగా కనిపించేది 1830ల తర్వాతనే. చేతి చిత్రిక పట్టిన పలక మీద వేళ్లు అడ్డంగా జరిపితే లోతు తక్కువ పల్లాలు తగులుతాయి. సమదూరంలో చిన్న అలల్లా ఉంటే యంత్రపు చిత్రిక. వెనక పలక ప్లైవుడ్ అయి, అది మొదటి నుంచీ ఉన్నదే అయితే వస్తువు చాలావరకు 20వ శతాబ్దానిది. చెక్కపొట్టు అదిమి చేసిన బోర్డు అయితే రెండవ ప్రపంచ యుద్ధం తర్వాతిది.

ఇక్కడ చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. యంత్రపు గుర్తు ఉంటే తేదీకి ఒక హద్దు దొరుకుతుంది, కానీ అది లేనంత మాత్రాన వస్తువు పాతదని రుజువు కాదు. చేతి రంపం, చేతి చిత్రికలతోనే పని సాగిన ప్రాంతాలు 20వ శతాబ్దంలోనూ ఎన్నో ఉన్నాయి.

3. మేకులు, స్క్రూలు

కమ్మరి కొట్టిన మేకు తల ఎగుడుదిగుడు పలకలుగా, కాడ నాలుగు వైపులా సన్నగిల్లుతూ ఉంటుంది. 1790ల నుంచి ఇనుప రేకును కత్తిరించి చేసిన మేకులు వచ్చాయి. వాటి కాడ రెండు వైపులే సన్నగిల్లుతుంది, కొస మొద్దుగా ఉంటుంది. తీగతో చేసిన గుండ్రటి మేకులు 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లోనే మామూలయ్యాయి. స్క్రూల సంగతీ ఇంతే. చేతితో చేసిన పాత స్క్రూకు మొన ఉండదు, తల మీది గాడి నడి మధ్యన ఉండదు, మరచుట్లు సమంగా ఉండవు. మొనదేలిన యంత్రపు స్క్రూలు 1840ల చివర నుంచి వ్యాపించాయి. ప్లస్ గుర్తు గాడి ఉన్నవి 1930ల నుంచి వచ్చినవి.

ఒక్క స్క్రూ తీసి చూస్తే చాలు. బిగిసి ఉంటే బలవంతం చేయకండి, మరొకటి ప్రయత్నించండి.

మేకులూ పిడులూ మార్చడం చాలా మామూలు కాబట్టి, అవి కూర్చున్న రంధ్రాలనూ చూడాలి. పిడి చుట్టూ లప్పంతో పూడ్చిన పాత రంధ్రాలు, సొరుగు లోపలి వైపు ఇప్పటి పిడికి పొంతన లేని మచ్చలు ఉంటే అది అసలు పిడి కాదు. అలాంటప్పుడు పిడి తేదీని వస్తువు తేదీగా తీసుకోకూడదు.

4. అతుకులు

ఒక సొరుగును పక్కకు తిప్పి, మూల అతుకును చూడండి. పావురం తోకలా కొస వైపు వెడల్పయ్యే పళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడే అతుకును డవ్‌టెయిల్ అంటారు. చేతితో కోసిన డవ్‌టెయిల్ అతుకులో పళ్ల వెడల్పులు కొద్దికొద్దిగా తేడాగా ఉంటాయి, లోతు కోసం వడ్రంగి గీసుకున్న సన్నని గీత ఇంకా కనిపిస్తూ ఉంటుంది, రంపం ఆ గీతను దాటి కాస్త ముందుకు పోయిన జాడ కూడా ఉండవచ్చు. పళ్లన్నీ అచ్చు గుద్దినట్లు ఒకే కొలతలో ఉంటే యంత్రం పని, అంటే చాలావరకు 1890ల తర్వాతి కాలం. అర్ధచంద్రాకారాల్లో గుండ్రటి బిళ్లలు ఇమిడినట్లుండే ఒక వింత అతుకు కనిపిస్తే అదృష్టమనే చెప్పాలి: నాప్ అనే అమెరికన్ 1867లో పేటెంటు తీసుకున్న యంత్రం చేసే అతుకు అది, 1870ల నుంచి 1900 ప్రాంతం దాకా మాత్రమే వాడుకలో ఉంది, చాలావరకు ఉత్తర అమెరికా ఫర్నిచర్‌లోనే దొరుకుతుంది. కాలాన్నీ చోటునూ ఒకేసారి చెప్పే ఆనవాళ్లు ఇంత తేలిగ్గా దొరకవు.

అతుకులో కొట్టిన చెక్క చీలలను వేలితో తడమండి. చట్రం చెక్క అడ్డంగా కుదించుకుపోతుంది, చీల పొడవున కుదించుకోదు. అందువల్ల నిజంగా పాత వస్తువులో చీల తల కొద్దిగా పైకి పొడుచుకు వస్తుంది. చుట్టూ సమతలంగా ఉండి, కంపాస్‌తో గీసినంత గుండ్రంగా ఉన్న చీలలను అనుమానించాలి.

5. కుదింపును కొలవండి

చెక్క నారకు అడ్డంగా కుదించుకుంటుంది, నార వెంట దాదాపు మారదు. గుండ్రటి బల్ల అయితే దాని వ్యాసాన్ని నార వెంట ఒకసారి, నారకు అడ్డంగా ఒకసారి కొలవండి. గట్టి పలకలతో చేసిన పాత బల్లలో రెండో కొలత కొన్ని మిల్లీమీటర్లు తక్కువ రావాలి. చట్రంలో బిగించిన పలకల అంచుల దగ్గర పాలిష్ తగలని సన్నని లేత చార బయటపడి ఉంటే అదీ ఇదే కథ. దుంగ నడిబొడ్డు వైపుగా కోసిన పలకలు తక్కువ కుదించుకుంటాయి, కాబట్టి తేడా తక్కువగా ఉన్నంత మాత్రాన తోసిపుచ్చకండి. అసలు తేడాయే లేకపోతే మాత్రం ప్రశ్నించండి.

6. అరుగుదల

మనిషి చేయి, కాలు, బట్ట ఎక్కడ తగులుతాయో అక్కడ అరగాలి. కుర్చీ ముందు కాళ్లను కలిపే అడ్డకర్ర పైభాగం, చేతుల కొసలు, సొరుగు జారే పట్టీలు అరిగి ఉండాలి. ఎవరి చేయీ అందని వెనక మూల కూడా అంతే నున్నగా అరిగి ఉంటే అది గొలుసుతోనో ఆకురాయితోనో తెచ్చిపెట్టిన పాతదనం.

7. కలప ఏమిటో చూడండి

పుట్టిన చోటు తేల్చడంలో ఇది కీలకం, జనం అత్యధికంగా పొరబడేదీ ఇక్కడే. బయటికి కనిపించే ఖరీదైన కలప ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగింది. కరీబియన్ మహాగని 1720ల నుంచి ఇంగ్లండ్‌కు పెద్ద ఎత్తున చేరింది, బర్మా టేకు సముద్రాలు దాటింది, రోజ్‌వుడ్ ఖండాలు మారింది. సొరుగు అడుగుకో వెనక పలకకో మాత్రం వడ్రంగి దగ్గర్లో చవకగా దొరికిన కలపనే వాడాడు. కాబట్టి బయటి కలప కంటే లోపలి కలప ఎక్కువ చెబుతుంది. లోపల తులిప్ పాప్లర్ ఉంటే ఉత్తర అమెరికా వైపు, కర్పూరపు చెట్టు కలప ఉంటే దక్షిణ చైనా వైపు, పనస ఉంటే శ్రీలంక, కేరళల వైపు, ఓక్ ఉంటే యూరప్ వైపు మొగ్గవచ్చు. ఇవి మొగ్గులే, తీర్పులు కావు.

కలపను రంగును బట్టి గుర్తించకండి, రంగు పూతతో మారిపోతుంది. ఎక్కడైనా పూత లేని కొస కనిపిస్తే దాన్ని భూతద్దంలో చూడండి. ఓక్‌లో వార్షిక వలయం మొదట్లో పెద్ద సూక్ష్మరంధ్రాలు వరుసగా ఉంటాయి, మధ్య నుంచి బయటికి సాగే వెడల్పాటి కిరణాల్లాంటి గీతలు కంటికే కనిపిస్తాయి. మహాగనిలో రంధ్రాలు చెదురుగా పరుచుకుని ఉంటాయి. టేకులోనూ రంధ్రాలు వలయాకారంలోనే ఉంటాయి, పైగా చేతికి జిడ్డుగా తగులుతుంది, కొద్దిగా గీరితే తోలు వాసన లాంటిది వస్తుంది.

8. ఇప్పుడు నగిషీ

మూడు ప్రశ్నలు వేయండి: చేతితో చెక్కారా, యంత్రంతో చెక్కారా, వస్తువు చేసిన చాలాకాలానికి చెక్కారా?

చేతి పనిలో ఎడమ వైపు పువ్వు, కుడి వైపు పువ్వు అచ్చంగా ఒకటి కావు. ఒకే ఉలి కాటు పడినట్లు అనిపించినా రేకుల వంపు, లోతు కొద్దిగా మారతాయి. లోపలి మూలలు పదునుగా తెగి ఉంటాయి. యంత్రంతో చెక్కడం కూడా కొత్త సంగతేమీ కాదు, ఇంగ్లండ్‌లో జోర్డాన్ చెక్కుడు యంత్రానికి 1845లోనే పేటెంటు వచ్చింది. అయితే అలాంటి యంత్రాలు ముతకగా చెక్కి ఇస్తే, తుది మెరుగులు మనిషే దిద్దేవాడు. ఇప్పటి కంప్యూటర్ యంత్రాల పని గుర్తుపట్టడం తేలిక. లోపలి మూలలన్నీ గుండ్రంగా ఉంటాయి, వాలు మీద ఏటవాలు వెలుతురు వేస్తే సమాంతరంగా మెట్లలాంటి సన్నని గీతలు కనిపిస్తాయి, నాలుగు కాళ్ల మీది ఆకులూ నాలుగు నకళ్లే. చెక్కను ఆవిరితో మెత్తబరచి అచ్చుతో అదిమిన అలంకారం కూడా ఉంటుంది. దానిలో నార తెగదు, నలిగి వంగుతుంది.

మూడో ప్రశ్నే అసలు చిక్కు. సాదా ఓక్ పెట్టెలు, కుర్చీలు కొన్ని నిజంగానే పాతవి. వాటి మీద 19వ శతాబ్దంలో కొత్తగా నగిషీ చెక్కి ధర పెంచినవి చాలా ఉన్నాయి. అప్పుడు అతుకులు, కలప, కుదింపు అన్నీ పాతవేనని చెబుతాయి, నగిషీ ఒక్కటే అబద్ధం చెబుతుంది. దాన్ని రెండు చోట్ల పట్టుకోవచ్చు.

ఒకటి, వంపు తిరిగిన కాలి మోకాలు. మొదటి నుంచీ నగిషీ ఉండాలనుకున్న వడ్రంగి అక్కడ అదనపు చెక్క వదులుతాడు, కనుక ఆకు కాలి రేఖ కంటే పైకి ఉబ్బి ఉంటుంది. తర్వాత చెక్కినవాడికి ఆ చెక్క ఉండదు. ఆకు కాలి రేఖలోపలే కుంగిపోయి, ఆ చోట కాలు సన్నబడినట్లు ఉంటుంది. కాలిని పక్క నుంచి, కంటి ఎత్తులో చూడండి.

రెండు, పుచ్చు రంధ్రాలు. పురుగు చెక్క లోపల సొరంగం తొలిచి, బయటికి వచ్చేటప్పుడు గుండ్రటి చిన్న రంధ్రం మాత్రమే చేస్తుంది. నగిషీ పల్లాల్లో గుండ్రటి రంధ్రానికి బదులు పొడవుగా, నిలువునా చీల్చిన గొట్టంలా తెరుచుకున్న సొరంగం కనిపిస్తే, పురుగు తిన్న తర్వాత ఉలి పడిందని అర్థం.

ఇక నమూనాను బట్టి చోటు ఊహించేటప్పుడు ఎవరి చేయి, ఎవరి కోసం అన్నవి విడివిడిగా ఆలోచించండి. 19వ శతాబ్దపు బొంబాయి రోజ్‌వుడ్ సామాను యూరప్ ఆకారంలో, భారతీయ చేతిలో, ఒత్తయిన జాలీ నగిషీతో తయారైంది. వాల్‌నట్ మీద చినార్ ఆకు కనిపిస్తే కశ్మీరు గుర్తుకు రావాలి. విశాఖపట్నంలో 18వ శతాబ్దంలో ఏనుగు దంతాన్ని పొదిగి, దానిపై గీసిన గీతల్లో నల్లని లక్క నింపి, యూరోపియన్ల ఆకృతుల్లో బీరువాలూ కుర్చీలూ చేశారు. పేర్లు కూడా దారి తప్పిస్తాయి: బ్లాక్ ఫారెస్ట్ ఎలుగుబంట్ల ఫర్నిచర్ అని ప్రపంచమంతా పిలిచేది జర్మనీ అడవిది కాదు, చాలావరకు స్విట్జర్లండ్‌లోని బ్రియెంజ్ ప్రాంతపు శిల్పుల పని.

పొదిగింది దంతమా, ఎముకా అని తెలుసుకోవడానికి కాల్చిన సూది గుచ్చమని చెబుతుంటారు. ఆ పని చేయకండి. భూతద్దంలో ఎముక మీద చిన్న నల్లని చుక్కలు, గీతలు కనిపిస్తాయి. దంతం అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటే సన్నని వంపు గీతలు ఉంటాయి. దంతమని తేలితే, అమ్మే ముందు లేదా సరిహద్దు దాటించే ముందు మీ దేశపు చట్టం చూసుకోవాలి. చాలా దేశాల్లో పాత దంతానికి కూడా గట్టి ఆంక్షలున్నాయి.

9. పాలిష్

కనిపించని చోట స్పిరిట్‌తో తడిపిన దూదిని కొన్ని క్షణాలు ఆనించండి. పూత మెత్తబడి అంటుకుంటే లక్క పాలిష్. అది 19వ శతాబ్దం మొదట్లో యూరప్ ఫర్నిచర్ మీద బాగా వ్యాపించింది. అతినీలలోహిత కాంతిలో పాత లక్క నారింజ రంగులో మెరుస్తుంది, మరమ్మతు చేసిన చోటు వేరుగా కనిపిస్తుంది. స్పిరిట్‌కు చలించని పూత ఆధునిక రసాయనమైనా కావచ్చు, నూనె వార్నిష్ అయినా కావచ్చు. పూతను ఎప్పుడైనా మార్చవచ్చు కాబట్టి దీనికి తక్కువ విలువ ఇవ్వండి.

10. ముద్రలు, చీటీలు

అమెరికాకు దిగుమతి అయ్యే సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలని 1890 నాటి సుంకాల చట్టం నిర్దేశించింది, 1891 నుంచి అది అమలైంది. కాబట్టి దేశం పేరు ముద్రించి ఉంటే ఆ తర్వాతిది అనుకోవచ్చు. వజ్రం ఆకారపు బ్రిటిష్ డిజైన్ నమోదు గుర్తు 1842 నుంచి 1883 దాకానిది. పారిస్ వడ్రంగుల పేరు ముద్రల ఆనవాయితీ 1791లో వృత్తి సంఘాలు రద్దయ్యేదాకా సాగింది. అందరికీ తెలిసిన పేరు ముద్ర కనిపించినప్పుడు సంబరపడకండి. ముద్ర కొట్టడం కంటే తేలికైన మోసం లేదు. ముద్ర అంచుల్లో దుమ్ము, పూత పేరుకున్నాయా, తాజా చెక్క కనిపిస్తుందా అని భూతద్దంలో చూడండి.

ఫలితం ఎలా రాయాలి, ఎలా సరిచూడాలి

ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి: ఆనవాలు, అది చెప్పే తొలి హద్దు, అది మొదటి నుంచీ ఉన్నదా కాదా. ఉదాహరణకు ఒక పెట్టెలో గుండ్రటి రంపపు గీతలు (1830ల తర్వాత, అసలువి), వెనక పలకలో తీగ మేకులు (1880ల తర్వాత, కానీ పక్కనే ఖాళీ చదరపు రంధ్రాలున్నాయి, కనుక మార్చినవి), చేతి డవ్‌టెయిళ్లు (యంత్రపు అతుకు కాదు) ఉన్నాయనుకుందాం. అప్పుడు "బహుశా 1830 నుంచి 1890 మధ్య, వెనక పలక తర్వాత బిగించారు" అని రాయాలి. ముందు వైపు నగిషీ 17వ శతాబ్దపు తీరులో ఉంటే "ఆ తీరును అనుకరించినది" అని చేర్చాలి. ఒకే ఏడాది రాయాలన్న ఆత్రం వద్దు.

ఒకదానిపై ఒకటి ఆధారపడని ఆనవాళ్లు మూడైనా ఒకే కాలాన్ని చూపాలి. రెండు భాగాలుగా ఉన్న బీరువా అయితే పై భాగానికీ కింది భాగానికీ వేర్వేరు కాగితాలు రాయండి; రెండు వేర్వేరు వస్తువులను జతచేసి ఒకటిగా అమ్మడం పాత అలవాటు. వెనక పలకల కలప, సొరుగుల అతుకులు రెండింటిలో కలవకపోతే అనుమానం బలపడుతుంది.

తరచూ వినిపించే కొన్ని వాదనలను ఈ లెక్కలో చేర్చవద్దు. పుచ్చు ఉంది కాబట్టి పాతది అంటారు. పురుగు కొత్త చెక్కనూ తింటుంది. బరువుగా, నల్లగా ఉంది కాబట్టి పాతది అంటారు. బరువు కలపది, నలుపు పూతది. ఒక్క మేకు కూడా వాడలేదంటారు; మేకు లేని అతుకులు ఇప్పటికీ చేస్తున్నారు. ముత్తాతల నాటిదన్న ఇంటి మాటను రాసి పెట్టుకోండి, కానీ వస్తువు ఇచ్చే సాక్ష్యంతో పొసగకపోతే వస్తువునే నమ్మండి.

ఇంతా చేసి తేలకపోతే ప్రయోగశాల మిగులుతుంది. కలప జాతిని సూక్ష్మదర్శినితో నిర్ధారించడం వాటిలో చవకైనది, చాలాసార్లు అదే సరిపోతుంది. వార్షిక వలయాల పరీక్షకు తగినన్ని వలయాలు, సాధారణంగా యాభైకి పైన, ఒకే పలకలో ఉండాలి. పోల్చడానికి ఆ ప్రాంతపు, ఆ జాతి చెట్ల వలయ చరిత్ర కూడా ఉండాలి. యూరప్ ఓక్‌కు ఇది బాగా పనిచేస్తుంది, ఉష్ణమండలపు కలపలకు చాలావరకు పనికిరాదు. అదీ చెట్టు పెరిగిన కాలాన్నే చెబుతుంది, పాత ఇంటి దూలాన్ని కోసి నిన్న చేసిన పెట్టెను పట్టుకోదు. కార్బన్ పరీక్ష 17వ శతాబ్దం మధ్య నుంచి 1950 దాకా ఉన్న కాలంలో విశాలమైన, ఒకదానిపై ఒకటి పడే అంచనాలే ఇస్తుంది. అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్ పాళ్లు మారాయి కనుక, 1950ల తర్వాత పెరిగిన చెట్టును మాత్రం అది స్పష్టంగా బయటపెడుతుంది. నమూనా తీయించవలసి వస్తే కాలి అడుగు నుంచో వెనక పలక చాటు అంచు నుంచో తీయించండి, మరమ్మతులో అతికిన ముక్క నుంచి కాకుండా అసలు చెక్క నుంచే తీస్తున్నారని దగ్గరుండి చూసుకోండి.